గంజాయిని మించి మందే ఎందుకు ఇంతగా పాకింది?

తాటివనం: గంజాయి, నల్లమందు మనకు కొత్తవి కావు. అయినా ఊరూరా పాతుకపోయింది మందే. ఆదాయం కోసం సర్కార్లు పెంచి పోషించుడే కారణమంటున్న. కాదంటే చెప్పున్రి.

హన్మకొండ_కెమిస్ట్రీ: సర్కార్ల కంటె ముందే కల్లుంది అన్నా. తాటిగెల కొసను పొద్దున, మాపున పలుచగ చెక్కితే కారే నీరాలో (పులియని తీపి రసంల) చక్కెర 10–12 శాతం. లొట్టి అడుగున పాత కల్లు మడ్డి ఉంటది, అందులోని ఈస్టు గంటల్లోనే పొంగిస్తది. ఆల్కహాల్ 4–5 శాతానికి చేరుతది. పులియకుండ ఆపాలంటేనే పని, లొట్టి లోపల సున్నం పూయాలె. గంజాయికి నెలలకొద్దీ పంట కాయాలె, మొగ మొక్కలు ఏరెయ్యాలె.

తాటివనం: కల్లు మర్నాటికే పుల్లబడతది, ఊరు దాటదు. దాటించింది బట్టీ. ఆల్కహాల్ 78 డిగ్రీల కాడ మరుగుతది, ఆ ఆవిరిని చల్లారిస్తే ఏండ్లు నిలిచే సరుకైతది. దాని ఘాటు హైడ్రోమీటరుతో కొలవొచ్చు. విస్కీ సీసా మీద 42.8 శాతం అని రాసేది అందుకే. గంజాయి పొట్లంల మత్తెంతో దుకాణంల తేల్చేదెట్ల? పన్నేసేటోనికి ఏది అనువో చూడున్రి.

ఇప్పపువ్వు_ఆదిలాబాద్: అట్లయితే పొగాకు సంగతేంది? ఘాటు కొలవకుండ తూకం మీదనే పన్నేసి లోకమంతా అమ్మిన్రు. గంజాయి సుత 1985 మత్తుమందుల చట్టం వచ్చేదాక చాలా రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లో దొరికింది. అసలు తేడా ముడిసరుకుల ఉంది. బెల్లం, బియ్యం, ఇప్పపువ్వు, పండ్లు అన్నీ తిండి వస్తువులే, వాటిని నిషేధించలేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 1993ల సారా బంద్ చేసిన్రు, 1995ల సంపూర్ణ నిషేధం పెట్టిన్రు, 1997ల ఎత్తేసిన్రు. ఆ నడుమ గుడుంబా ఆగలేదు, బెల్లం ఏ కిరాణంలనైనా దొరికె.

హన్మకొండ_కెమిస్ట్రీ: ముడిసరుకు మాట నిజం. కని మన దిక్కు కల్లు పేరుతోటి అమ్మేదంతా కల్లు కాదు, ఇది లెక్కల పెట్టాలె. చెట్లు చాలని కాడ నీళ్లల్ల తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం అనే నిద్రమందులు కలుపుతరు. తాగేటోడు కల్లు అనుకుంటడు, అలవాటయ్యేది గోలీల మత్తు. ఒక్కసారే మానితే వణుకు, నిద్ర లేకపోవుడు, పిచ్చిమాటలు, ఫిట్స్ వస్తయి. భూతం పట్టిందని ఇంట్ల కట్టెయ్యద్దు. వెంటనే ఆస్పత్రికి తీస్కపోవాలె, ఏ దుకాణంల తాగిండో డాక్టరుకు చెప్పాలె. మోతాదు కొద్దికొద్దిగ తగ్గించుకుంటనే మాన్పిస్తరు.