పూజలో పాట: హార్మోనియమా, ఫోన్‌లో ట్రాకా?

ప్రశ్న అడిగినవారు:
మా కతోలిక విచారణలో (పారిష్‌లో) ఆదివారం దివ్యపూజకు, అంటే మాస్‌కు, యువత హార్మోనియం పక్కన పెట్టేసి, ఫోన్‌లో మ్యూజిక్ ట్రాక్ పెట్టి కొత్త పాటలు పాడుతున్నారు. పెద్దలు ఒప్పుకోవడం లేదు. పోయిన ఆదివారం పూజ అవగానే గుడి ఆవరణలోనే మాటా మాటా పెరిగింది. పాత పాటలే పాడాలని శ్రీసభ (కతోలిక సంఘం) నియమం ఏమైనా ఉందా?

యువత క్వయర్ నుంచి:
అన్నా, మా ఊళ్లోనూ ఇదే గొడవ. తబలా వాయించే తాతగారు పోయాక ఆ చోటు ఖాళీ. ట్రాక్ లేకపోతే మా గొంతులు వణుకుతాయి. కొత్త పాటలు తీసేస్తే మా ఈడువాళ్లు పూజ అయ్యేదాకా గుడి బయటే నిలబడతారు. పెద్దలు అది కూడా ఆలోచించాలి.

గాయకబృందంలో ఇరవై ఏళ్లుగా:
తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. ముందు పెద్దలకో మాట. మనం సంప్రదాయం అంటున్న తబలా కూడా గుడిలోకి కొత్తగా వచ్చిందే. 1903లో పదవ పయస్ పోపుగారు గుడిలో పియానో, డ్రమ్ములు, తాళాలు వద్దన్నారు. అప్పట్లో పూజ లాటిన్‌లోనే. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచంలోని బిషప్పులంతా కూడిన సభ) ఇచ్చిన ఆరాధన పత్రం గ్రెగోరియన్ గానానికి, అంటే పాత లాటిన్ కీర్తనల పద్ధతికి, పెద్దపీట వేస్తూనే, ఆయా ప్రజల సొంత సంగీతానికీ, ఆరాధనకు తగిన ఇతర వాద్యాలకూ చోటిచ్చింది. కొత్త పాట అనగానే కాదనడానికి ఆధారం లేదు.

ట్రాక్ మాత్రం నాకు సమ్మతం కాదు. రికార్డు చేసిన సంగీతం పూజలో వాడొద్దని 1958లోనే రోమ్ చెప్పింది. ఎందుకన్నారో మా గుడిలో ఒక ఆదివారం కళ్లారా చూశాను. సమర్పణ గీతం ట్రాక్ ఆరు నిమిషాల పైన ఉంది. ఫాదర్‌గారు అప్పం, ద్రాక్షారసం సమర్పించారు, చేతులు కడుక్కున్నారు, తుడుచుకున్న తువాలు పీఠబాలుడి చేతికిచ్చారు. ట్రాక్‌లో ఇంకా రెండో చరణం ముందు ఫ్లూట్ నడుస్తోంది. ఆయన చేతులు జోడించుకుని పీఠం దగ్గర అలాగే నిలబడిపోయారు. హార్మోనియం అయితే ఆయన ఇటు చూడగానే పల్లవి అందుకుని ముగించేవాళ్లం. శ్రుతి సంగతీ అంతే. ట్రాక్ ఎవరో గాయని గొంతుకు కట్టింది. ముందు వరసలో అవ్వ ఒకటి రెండుసార్లు అందుకోబోయి, నోరు మూసుకుని కూర్చుంది. జనమంతా పాడాలని మహాసభ అంతగా అడిగింది కదా, ఆ అవ్వ పాడకపోతే ఆ పాట ఎవరి కోసం?

తపస్సుకాలంలో, అంటే ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో (లెంట్), ఇంకో చిక్కు. నాలుగో ఆదివారం, మహోత్సవాలు, పండుగలు తప్పిస్తే అప్పుడు వాద్యాలు పాటకు ఊతంగా మాత్రమే మోగాలి. ట్రాక్‌లోని ఇంటర్‌లూడ్‌ని ఎలా తీసేస్తావు?

యువత క్వయర్ నుంచి:
సరే అక్కా, వాయించేవాళ్లు లేని మాలాంటి చోట ఏం చేయాలి?

గాయకబృందంలో ఇరవై ఏళ్లుగా:
ఉత్త గొంతుతోనే పాడండి. పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) మా గుడిలో ఏ వాద్యమూ మోగదు, జనం గొంతు ఆ రోజు వినిపించినంతగా ఏడాదిలో ఇంకెప్పుడూ వినిపించదు. చిన్న పల్లవి ఉన్న కొత్త పాట ఒకటి తీసుకో. పూజకు పది నిమిషాల ముందు అందరి చేతా రెండుసార్లు పాడించు.

యువత క్వయర్ నుంచి:
ఈ ఆదివారం ప్రవేశ గీతం ఒక్కటి అలా పాడి చూస్తాం అక్కా. శ్రుతి మా అమ్మను అందుకోమంటాను.