ఒడిశాలోని బరంపురం పాత వార్డుల్లో కార్పొరేషన్ నోటీసులు తెలుగులో కూడా ఉండాలా?

గేట్‌బజార్_కుర్రోడు:
సూటిగా అడుగుతున్నా. మా వీధిలో హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను) నోటీసులు పంచారు, అన్నీ ఒడియాలోనే. మా నాయనమ్మ ఒడియా గలగలా మాట్లాడుతుంది, తెలుగు పేపరు రోజూ చదువుతుంది, ఒడియా లిపి మాత్రం రాదు. పక్కింటి కుర్రాడు వచ్చి చదివిపెట్టాడు. పాత వార్డుల్లో ఇలాంటి పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఈ ఊళ్లో 1867 నుంచి మునిసిపాలిటీ ఉంది, 1936 ఏప్రిల్ 1 దాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం, 2008లో కార్పొరేషన్ అయ్యాం. నోటీసు వెనకవైపు తెలుగు కూడా అచ్చు వేస్తే ఎవరికి నష్టం? కావాలో వద్దో కారణంతో చెప్పండి. పార్టీల గోల ఇక్కడ వద్దు.

అంబపువా_అద్దెఇల్లు:
వద్దు. నువ్వు మీ తాతల నాటి బరంపురాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నావు తమ్ముడూ. ఆ వీధుల్లో ఇప్పుడు ఉంటున్నదెవరు? మగ్గం ఉన్న పెంకుటిల్లు అన్నదమ్ములు పంచుకోలేక బిల్డర్‌కి ఇచ్చేస్తున్నారు, అక్కడ నాలుగంతస్తులు లేస్తున్నాయి, ఫ్లాట్లు కొనేవాళ్లేమో ఆస్కా, భంజనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు, సూరత్ మిల్లుల్లో ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకుని కూడబెట్టినవాళ్లు, మెడికల్ కాలేజీలో యూనివర్సిటీలో ఉద్యోగాలకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు. ఫూల్బాణి నుంచి కుయి మాట్లాడేవాళ్లు వచ్చారు, ఉర్దూ వాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. అందరూ మా భాషలో వెయ్యండి అంటే నోటీసు కాస్తా పుస్తకం అవుతుంది. పైగా ఊరుకున్న గొడవని మనమే లేపినట్టు. పక్కింటి కుర్రాడు చదివిపెట్టాడు అన్నావు కదా, ఈ ఊరు నడిచేదే అలా.

పర్లాకిమిడి_ఆడపిల్ల:
పక్కింటి కుర్రాడు ఇంట్లో లేకపోతే? అభ్యంతరం గడువు దాటిపోతే ఆ కుర్రాడు కడతాడా పెనాల్టీ?
ఇది దయతో ఇచ్చేది కాదండీ. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పథకం అని ఒకటుంది, కేంద్రం, రాష్ట్రాలు ఒప్పుకున్నదే. ఒక ప్రాంతంలో జనాభాలో 15 శాతమో అంతకన్నా ఎక్కువో మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నోటీసులు, నిబంధనలు అనువదించి ప్రచురించాలి. రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణాలు 1956లో 7వ సవరణతో వచ్చాయి. మొదటిది ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు, రెండోది ఈ రక్షణలు అమలవుతున్నాయో లేదో చూడడానికి ప్రత్యేక అధికారి. కుయి వాళ్లు ఏదైనా వార్డులో 15 శాతం ఉంటే వాళ్లకీ వెయ్యాలి, నాకేం బాధ లేదు.

అంబపువా_అద్దెఇల్లు:
15 శాతం దేన్లో? ఊరు మొత్తంలోనా, వార్డులోనా? వార్డుల హద్దులు మారిస్తే లెక్క తలకిందులవుతుంది. ఇల్లు అమ్మేసి భువనేశ్వర్‌కో విశాఖకో పోయినవాళ్లని కూడా ఓటర్ల లిస్టు చూపించి లెక్కేస్తారా?

పర్లాకిమిడి_ఆడపిల్ల:
వార్డు లెక్కే అడగాలి. నోటీసు పంచేది వార్డులో కాబట్టి.

ఇచ్ఛాపురం_ప్యాసింజర్:
హద్దుకి ఇవతల, ఆంధ్రాలో ఉన్నవాణ్ణి, కోప్పడకండి. మా ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఒడియా కుటుంబాలు బోలెడు, ఒడియా బడులు ఉన్నాయి. మీరు అక్కడ ఏది అడిగితే వాళ్లు ఇక్కడ అదే అడుగుతారు. అడగనివ్వండి, మంచిదే. కానీ అప్పుడు మన తెలుగువాళ్లే ముఖం ముడుచుకుంటే మాత్రం నేను ఈ చర్చ లింకు తీసుకెళ్లి వాళ్లకి పంపిస్తా.

పెద్దవీధి_మావయ్య:
పిల్లలు చట్టం బాగానే చెప్పారు. నేను వేరే మాట చెబుతాను. మాది దేవాంగుల ఇల్లు, ఇక్కడ డేరా అంటారు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన మహురీ రాజులు పిలిస్తే రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చామని మా పెద్దలు చెప్పుకునేవారు. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రలో మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి పుట్టింటికి వస్తుంది, ఆ పుట్టిల్లు మా కులపెద్ద దేశిబెహెరా ఇల్లు. ఘటం ఎత్తుకున్న ఆడవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసేవాళ్లలో ఒడియా వాళ్లెవరో తెలుగువాళ్లెవరో ఎవడైనా అడిగాడా? యాత్రకి రూలు అక్కర్లేకపోయింది. అలాగని నోటీసుకి కూడా అక్కర్లేదని నేననను. అమ్మవారి ముందు ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు, గడువూ ఉండదు. ఆఫీసు కాగితం అలా కాదు.
కానీ మీ ఇద్దరూ ఒకటి దాటేశారు. తెలుగులో వేస్తే చదివేదెవరు? మా మనవడు ఇంగ్లీషు బడి, రెండో భాష ఒడియా. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బస్సు బోర్డు మీద తెలుగు చూస్తే నన్ను అడుగుతాడు. మన పట్టు చీరకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని మురిసిపోయాం, మగ్గం మీద కూర్చునేవాడు మాత్రం మా వీధిలో వేళ్ల మీద లెక్కకి వచ్చేశాడు. తెలుగు చదివేవాళ్లదీ అదే వరస. పదిహేనేళ్లు పోతే మీ వెనకవైపు అచ్చు ఎవరికోసం?

గేట్‌బజార్_కుర్రోడు:
మావయ్యా, పదిహేనేళ్ల తర్వాత సంగతి తర్వాత. మా నాయనమ్మ ఇప్పుడుంది.

పర్లాకిమిడి_ఆడపిల్ల:
మావయ్యగారూ, అందుకే బడి కూడా అడగాలి. క్లాసులో 10 మందో, బడి మొత్తంలో 40 మందో ఉంటే ప్రాథమికంలో ఆ భాషలో చెప్పే టీచర్ని ఇవ్వాలని 1949 నుంచీ ఉన్న మాటే. మా ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ల భాషలో బడి పెట్టించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మన తాతలు వెళ్లలేదు. ఉన్నచోట ఉండి అడగాల్సింది మనమే.

అంబపువా_అద్దెఇల్లు:
సరే, నా మాట వినండి. అచ్చు వేయించడానికి మీరు రెండేళ్లు తిరుగుతారు. చెత్త బండి రోజూ వస్తుంది కదా, మైకు పెట్టి. ట్యాక్స్ గడువు, నీళ్లు రాని రోజు, డెంగీ మందు కొట్టే రోజు, ఆ మైకులో ఒడియా అయ్యాక తెలుగులో రెండు ముక్కలు చెప్పమనండి. లిపి రాని మీ మనవడికీ అర్థమవుతుంది, ఒడియా లిపి రాని నాయనమ్మకీ అర్థమవుతుంది. శాతాల గొడవే లేదు. దీనికైతే నా సంతకం పెడతా.

పర్లాకిమిడి_ఆడపిల్ల:
మైకు మంచిదే, కాదనను. కానీ మైకులో విన్నది చూపించి అప్పీలు చెయ్యలేం. కాగితం మీద మొత్తం ఎంత, గడువు ఎప్పుడు, అభ్యంతరం ఎక్కడ ఇవ్వాలి, ఈ మూడు లైన్లు తెలుగులో చాలు. నోటీసంతా అనువదించమని నేనూ అడగట్లేదు.

పెద్దవీధి_మావయ్య:
మూడు లైన్లంటే ఎవడూ కాదనలేడు. మైకు కూడా అందులోనే కలిపి రాయండి.

గేట్‌బజార్_కుర్రోడు:
అర్జీ ఏ భాషలో రాయాలి? ఒడియాలో అయితే నాకు పర్లేదు, రాస్తాను.

పర్లాకిమిడి_ఆడపిల్ల:
350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. తెలుగులోనే రాయండి, కింద ఒడియా జతచేయండి. పైన పెట్టాల్సింది తెలుగే.

అంబపువా_అద్దెఇల్లు:
ఒడియా పైన పెట్టండి అమ్మా. గుమాస్తా చదవలేక పక్కన పడేస్తే మీ అధికరణం ఏం చేస్తుంది?

పర్లాకిమిడి_ఆడపిల్ల:
పక్కన పడేస్తే రసీదు ఉంటుంది కదా. తెలుగే పైన.

పెద్దవీధి_మావయ్య:
ఒకే కాగితం మీద పక్కపక్కన రాయండి, గొడవ వదిలిపోతుంది. తెలుగు నేను రాస్తాను, ఒడియా కుర్రాడు రాస్తాడు. సంతకాలకి మా అరుగు మీదకి రండి, అంబపువా బాబు మొదటి సంతకం పెట్టాలి.