క్రిస్మస్ సెలవుల్లో నాయనమ్మకి చదివి వినిపించడానికి ఏ పుస్తకాలు బాగుంటాయి?

గుంటూరు_కారం:
అందరికీ నమస్తే. 23 రాత్రి బస్సుకి హైదరాబాద్ నుంచి ఇంటికెళ్తున్నా, మళ్ళీ జనవరి 2కే రావడం. ఈసారి నాకోసం కాదు, మా నాయనమ్మ కోసం అడుగుతున్నా. తనకి 81, చూపు బాగా తగ్గిపోయింది, రోజూ తెల్లారుజామున బైబిల్ తనే చదువుకునే మనిషి ఇప్పుడు పేజీ మీద వేలు పెట్టి అలా ఆగిపోతోంది, పెద్దక్షరాలది తెచ్చినా కుదరట్లేదు. పోయినసారి వెళ్లినప్పుడు లూకా రెండో అధ్యాయం నేను చదువుతుంటే నాకన్నా ముందే తను చెప్పేస్తోంది, మొత్తం నోటికొచ్చు. అయిపోయాక "ఇంకేమన్నా చదవరా, తెలీని కథ" అంది. అది మనసులో ఉండిపోయింది. మా అక్క పిల్లలిద్దరు కూడా ఉంటారు, 6, 9 ఏళ్ళు. ఒక్కో రాత్రికి ఒక్కో కథ అయిపోయేలా ఉంటే మంచిది. పనిలో పని, అందరూ పడుకున్నాక నేను చదువుకోడానికి ఒక నవల కూడా చెప్పండి.

బడిపంతులమ్మ:
తమ్ముడూ, మొదటి రాత్రికి టాల్‌స్టాయ్ కథ పెట్టుకో, 1885లో రాసింది, 'ప్రేమ ఉన్నచోటే దేవుడున్నాడు' అని. మార్టిన్ అని ఒక ముసలి చెప్పులు కుట్టేవాడు, నేలమాళిగ లాంటి గదిలో ఉంటాడు, కిటికీలోంచి పైన రోడ్డు మీద నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనపడతాయి, బూట్లని బట్టి ఎవరు పోతున్నారో చెప్పేస్తాడు, ఎందుకంటే చాలావరకు తను బాగుచేసినవే. ప్రభువు రేపు నీ దగ్గరికొస్తాడని ఒక గొంతు వినపడుతుంది, ఇక ఆ రోజంతా కిటికీ దగ్గర ఎదురుచూపు. ఎవరొచ్చారో చెప్పను. సువార్త తెలిసిన పెద్దావిడకి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. తెలుగు అనువాదం చేతికి దొరక్కపోతే ఇంగ్లీషులో నువ్వు రెండుసార్లు చదువుకుని మీ యాసలో చెప్పెయ్, ఏం పోదు.
చెహోవ్ 'వాంకా' కూడా చిన్నదే (1886). తొమ్మిదేళ్ళ పిల్లాడు మాస్కోలో చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి కుదురుకుని దెబ్బలు తింటూ, క్రిస్మస్ ముందు రాత్రి దొంగతనంగా తాతకి ఉత్తరం రాస్తాడు, వచ్చి నన్ను తీసుకుపో అని. కవరు మీద అడ్రస్ 'పల్లెటూళ్ళో తాతయ్యకి' అని. నేను క్లాసులో చదివినప్పుడు ఆ అడ్రస్ దగ్గర పిల్లలు ముందు నవ్వారు, తర్వాత ఒక్కొక్కళ్ళే ఊరుకున్నారు. ఆరేళ్ళ పాప నిద్రపోయాక చదువు.

వినుకొండ_వాడు:
గుంటూరులో ఉంటూ జాషువాని వదిలేస్తే ఎలా బ్రో? 'క్రీస్తు చరిత్ర' పద్యకావ్యం, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. మీ నాయనమ్మ తరం వాళ్ళకి పద్యం చెవిన పడితే మొహమే మారిపోతుంది, మా అమ్మమ్మని చూశాను కాబట్టి చెప్తున్నా. కానీ పగలు ఒకసారి ప్రాక్టీస్ చెయ్, ఎక్కడ విరవాలో తెలీకుండా గబగబా చదివితే ఆ కమ్మదనం అంతా పోతుంది. రోజుకి నాలుగైదు పద్యాలు చాలు.

లిఫీ_ఒడ్డున:
నేను డబ్లిన్‌లో ఉంటున్నా, నీకోసం ఒక నవల చెప్తా. క్లేర్ కీగన్ రాసిన 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్', 2021లో వచ్చింది, నూటపాతిక పేజీలు కూడా ఉండదు. 1985, ఐర్లాండ్‌లో న్యూ రాస్ అనే చిన్న ఊరు, క్రిస్మస్ ముందు రోజులు. బిల్ ఫర్లాంగ్ బొగ్గులు అమ్ముకునే మనిషి, అయిదుగురు ఆడపిల్లల తండ్రి, కాన్వెంటుకి లోడు వెయ్యడానికెళ్తే తాళం వేసిన బొగ్గుల గదిలో ఒక అమ్మాయి కనపడుతుంది. ఊరందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ కాన్వెంటులో నడిచేది మాగ్డలీన్ లాండ్రీ, అంటే పెళ్ళికాకుండా తల్లులైనవాళ్ళని, దిక్కులేని అమ్మాయిల్ని సన్యాసినులు లోపల పెట్టి జీతం లేకుండా బట్టలుతికించే చోటు. ఇక్కడ అలాంటి లాండ్రీల్లో చివరిది మూతపడింది 1996లో అంటే చూడు, నిన్నమొన్నటి సంగతి. పిల్లల ముందు చదివేది కాదు.

రెండో_షో:
పైన చెప్పినవన్నీ బానే ఉన్నాయి గానీ క్రిస్మస్ పుస్తకం అనగానే మంచు కురిసే దేశాలకే వెళ్తున్నాం, నాకది బాధగా ఉంది. మన పేటల్లోకి క్రిస్మస్ ఎలా వచ్చిందో తెలియాలంటే జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) చదవాలి. రూతు గుర్తుచేసుకుంటూ చెప్పే కథ, తరాల కథ. ఎన్నెలదిన్ని, వీధిభాగోతం పిచ్చిలో పడి పాటలు కట్టే ఎల్లన్న, ఆ తర్వాతి తరం ఆకలికి తాళలేక ఊరొదిలి పోవడం, దేవుడు మారినా కులం వెంటే రావడం. నువ్వు చదివి ఊరుకోకు, ఎల్లన్న పాటలున్న చోట్ల నాయనమ్మకి వినిపించు, తన చిన్నప్పటి సంగతులు తనే మొదలుపెడుతుంది.

బడిపంతులమ్మ:
నవల గొప్పదే, కాదన్ను. పండగ రాత్రి ముక్కలుముక్కలుగా చదివే పుస్తకం మాత్రం కాదు, ఆ బరువు ఒక్కసారిగా మొయ్యాల్సిందే. జనవరికి ఉంచుకో తమ్ముడూ.
పిల్లల కోసం డికెన్స్ 'ఎ క్రిస్మస్ కేరల్' మర్చిపోయాను. 1843ది, అయిదు భాగాలు, రోజుకొకటి సరిపోతుంది. డికెన్స్ తనే ఊరూరా తిరిగి జనాలకి చదివి వినిపించిన కథ అది, గట్టిగా చదివితేనే అందం.

గుంటూరు_కారం:
27 పొద్దున రాస్తున్నా. నిన్న కథ మార్టిన్‌ది, అనువాదం దొరకలా, నేనే చెప్పా. మంచు ఊడ్చే ముసలాయన్ని లోపలికి పిలిచి టీ ఇస్తాడు కదా, ఆయన తాగేసి గ్లాసు బోర్లించి చాలంటాడు, కానీ ఇంకా తాగాలనే ఉంటుంది. అక్కడ నాయనమ్మ మంచం మీంచి లేచి కూర్చుని "మొహమాటపడతన్నాడ్రా, ఇంకో గ్లాసు పొయ్యమను" అంది. మార్టిన్ పోస్తాడనే ఉంది కథలో. పోశాడు నాయనమ్మా అంటే అప్పుడు పడుకుంది.
వినుకొండ అన్నా, క్రీస్తు చరిత్ర ఇక్కడ రెండు షాపుల్లో లేదు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్తే దొరుకుతుందా? దొరుకుతుందంటే ఇంకో రెండ్రోజులు సెలవు పెడతా.

వినుకొండ_వాడు:
అంతదాకా ఎందుకు, మా ఇంట్లో రెండు కాపీలున్నాయి. నరసరావుపేట దాకా రాగలవా? మెసేజ్ పెట్టు.