పైథాన్‌లో సహజ లాగ్: వాన లేని రోజు దగ్గర ఎర్రర్ వస్తోంది

ప్రశ్న (అనంతపురం, డిగ్రీ విద్యార్థి):
అన్నా, స్టాటిస్టిక్స్ ప్రాజెక్టుకు మా మండలం రోజువారీ వాన లెక్కలు తీసుకున్నాను. అన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి. వాటికి లాగ్ తీయమన్నారు మేడమ్. 12.5కి కాల్‌క్యులేటర్‌లో లాగ్ నొక్కితే 1.0969, పైథాన్‌లో మ్యాథ్.లాగ్ వాడితే 2.5257 వస్తోంది. ఏది కరెక్టు? పైగా కాలమ్ మొత్తానికి లూప్ పెడితే జనవరి 1 దగ్గరే 'మ్యాథ్ డొమైన్ ఎర్రర్' అని ఆగిపోతోంది. శుక్రవారం సబ్మిట్ చేయాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (కర్నూలు):
రెండూ కరెక్టే తమ్ముడూ. కాల్‌క్యులేటర్‌లో లాగ్ మీట బేస్ 10ది. పక్కనే ఉండే ఎల్‌ఎన్ సహజ లాగ్‌ది, అంటే బేస్ e (సుమారు 2.718). అది నొక్కి చూడు, 2.5257 వస్తుంది. పైథాన్, సి, జావా, జావాస్క్రిప్ట్, ఆర్ అన్నిట్లో ఉత్త 'లాగ్' అంటే సహజ లాగే. ఎక్సెల్‌లోనే తిరకాసు: అక్కడ లాగ్ అంటే బేస్ 10, సహజ లాగ్ కావాలంటే ఎల్‌ఎన్. మ్యాథ్.లాగ్‌కు రెండో విలువగా బేస్ ఇవ్వొచ్చు గానీ, 10కి మాత్రం అలా ఇవ్వకు. 1000కి 3 రావాల్సిన చోట 2.9999999999999996 చూపిస్తుంది. మ్యాథ్.లాగ్10 వాడితే సరిగ్గా 3 వస్తుంది.

ఇక ఎర్రర్ సంగతి. సున్నాకు లాగ్ ఉండదు. మన జిల్లాల్లో జనవరిలో వాన ఎక్కడిది? మ్యాథ్.లాగ్1పీ వాడు. అది ముందు 1 కలిపి తర్వాత సహజ లాగ్ తీస్తుంది. సున్నాకు సున్నా, 2 మి.మీ.కు 1.0986, 80 మి.మీ.కు 4.3944 వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. జనవరి దాటింది. జూన్‌లో ఒక రోజు దగ్గర మళ్లీ అదే ఎర్రర్!

జవాబు (కడప):
ఆ వరుసలో ఏముందో ప్రింట్ చేసి చూడండి. -999 ఉందేమో. కొలత లేని రోజుకు ఆ అంకె వేయడం వాతావరణ డేటాలో మామూలే. 1 కలిపినా -998, దానికీ లాగ్ లేదు. దాన్ని సున్నా మాత్రం చేయకండి. వాన పడకపోవడం వేరు, కొలవకపోవడం వేరు. ఆ రోజును ఖాళీగా వదిలేయండి.

లూప్ బదులు నంపై (పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే లైబ్రరీ) వాడితే కాలమ్ మొత్తం ఒకేసారి అవుతుంది. కానీ దాని లాగ్ సున్నా దగ్గర ఆగదు. ఒక వార్నింగ్ పడేసి మైనస్ ఇన్ఫినిటీ రాసేస్తుంది. తర్వాత సగటు తీస్తే అదీ మైనస్ ఇన్ఫినిటీయే. నన్నడిగితే ఆగిపోయే ఎర్రరే నయం.

ప్రశ్న అడిగినవారు:
అవును సార్, -999లు చాలా ఉన్నాయి! తీసేశాక మొత్తం నడిచింది.

జవాబు (కర్నూలు):
ఇంకో మాట. లాగ్1పీ యూనిట్‌ను బట్టి మారుతుంది. అదే 80 మి.మీ.ను 8 సెం.మీ. అని ఇస్తే 2.1972 వస్తుంది, కాబట్టి రిపోర్టులో యూనిట్ రాయి. అయినా ఏడాదిలో ఎక్కువ రోజులు సున్నాలే ఉన్నప్పుడు ఈ 1 కలపడం సర్దుబాటే. వాన పడిందా లేదా అన్నది ఒక లెక్కగా, పడిన రోజుల్లో ఎంత పడిందన్నది ఇంకో లెక్కగా చేయొచ్చేమో మేడమ్‌ను అడుగు. రెండో దానికి మామూలు లాగే సరిపోతుంది. లాగ్1పీ నుంచి తిరిగి మిల్లీమీటర్లకు రావాలంటే మ్యాథ్.ఎక్స్‌పీఎమ్1 ఉంది. కానీ లాగ్‌ల సగటును అలా వెనక్కి తిప్పితే అసలు సగటు కంటే తక్కువే వస్తుంది, దాన్ని సగటు వర్షపాతం అని రాసేయకు.