సమస్యాపూరణం: కన్ను కోసిన పిమ్మటె కలిగెఁ జూపు

పృచ్ఛకుడు: ఈ వారం ఛందస్సు తేటగీతి, ఇచ్చిన సమస్య నాలుగో పాదంగా మిగతా మూడు పాదాలు పూరించాలి. సమస్య: “కన్ను కోసిన పిమ్మటె కలిగెఁ జూపు”. పూరణ స్పానిష్ దర్శకుడు లూయిస్ బున్యుయెల్ (1900–1983) జీవితం మీదనే ఉండాలి. కంటి శుక్లాల ఆపరేషన్ మీద వచ్చిన పూరణలు నాలుగూ ఛందస్సులో నిర్దోషమే. అయినా ఆ దారి మొదటి అడుగులోనే కనిపిస్తుంది కాబట్టి వాటిని పక్కన పెట్టాను. ఆ కవులు నొచ్చుకోవద్దని మనవి.

మొదటి పూరణ

మబ్బు చంద్రునిఁ జీల్చఁగా మఱునిమిషమె
కత్తి యాడఁగఁ దెరమీఁదఁ గనులు మూసి
తెరువ వెఱచిన లోకమ్ము తెలివిఁ బొందె
కన్ను కోసిన పిమ్మటె కలిగెఁ జూపు

పృచ్ఛకుడు: ఎత్తుగడ చాలా బాగుంది మాస్టారూ. మబ్బు, చంద్రుడు, కత్తి అనే ఆ వరస బున్యుయెల్‌కు కలలో వచ్చినదే. మిత్రుడు, చిత్రకారుడు సాల్వదోర్ దాలీకేమో అరచేతి నిండా చీమలు కలలోకి వచ్చాయి. ఆ రెండు కలలనూ కలిపి కథ అల్లుకున్నారు, తల్లి ఇచ్చిన డబ్బుతో 1929లో పారిస్‌లో ‘అన్ షియెన్ ఆందలూ’ అనే సినిమా తీశారు. తెర మీద మంగలికత్తి నూరి ఒక స్త్రీ కన్ను కోసేది స్వయంగా బున్యుయెల్.

నా అభ్యంతరం మూడో పాదం మీద. ‘లోకమ్ము తెలివిఁ బొందె’ అన్నారు గాని, తొలి ప్రదర్శనకు వచ్చినది పారిస్ కళాకారులూ, పెద్దింటివారూ. జనం తిరగబడితే విసరడానికి ఆయన జేబుల్లో రాళ్లు పోసుకుని తెర వెనక నిలబడ్డారు. అక్కడే గ్రామఫోను మీద టాంగో పాటలు, వాగ్నర్ సంగీతం మార్చి మార్చి వేస్తూ కాచుకున్నారు. తీరా వినిపించినవి చప్పట్లు. కోపం రావలసిన చోట మెప్పు వచ్చిందన్నదే ఆ రాత్రి సారం. పద్యంలో అది జారిపోయింది.

ఒక సభ్యురాలు: అక్కడ కోసినది నిజంగా మనిషి కన్నేనా? ఆ దృశ్యం నేను సగంలోనే ఆపేశాను.

పృచ్ఛకుడు: కాదమ్మా, చచ్చిన దూడ కన్ను.

రెండో పూరణ

మెక్సికో వీథి బాలల మెతుకుబాధ
యున్నదున్నట్లు చూపఁగా నుఱికె నలుక
పరులు మెచ్చఁగా స్వజనులు పరువు లిడిరి
కన్ను కోసిన పిమ్మటె కలిగెఁ జూపు

పృచ్ఛకుడు: చరిత్ర సరిగ్గా పట్టుకున్నారు. అంతర్యుద్ధ కాలంలో స్పెయిన్ వదిలిన మనిషి 1949లో మెక్సికో పౌరుడయ్యారు. మరుసటి ఏడు వచ్చిన ‘లోస్ ఓల్విదాదోస్’ దేశానికి మచ్చ తెచ్చిందని అక్కడివారు మండిపడ్డారు, చిత్రాన్ని కొద్ది రోజులకే తీసేశారు. 1951లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి రాగానే మళ్లీ విడుదలై బాగా ఆడింది. ‘ఉఱికె’, ‘పరువు లిడిరి’ అనే రెండు పరుగులనూ ఎదురెదురుగా నిలపడం నాకెంతో నచ్చింది.

అయితే కన్ను కోసినది ఎక్కడ? మొదటి మూడు పాదాల్లో కంటి ఊసే లేదు. సమస్య చివర అతికించినట్టు మిగిలిపోయింది.

మరో సభ్యుడు: ఆ సినిమాలోనే దారి ఉందండీ. పేద్రో అనే కుర్రాడు ఒక గుడ్డు తీసుకుని సూటిగా కెమెరా మీదికి విసురుతాడు. సొన అద్దం మీద జారుతుంటే మన మొహానికే తగిలినట్టు ఉంటుంది. అందుకని మూడో పాదం ఇలా మారిస్తే?

గుడ్డు కనుగుడ్డుఁ దాఁకఁగా గుట్టు తెలిసె

పృచ్ఛకుడు: శభాష్! గుడ్డు, కనుగుడ్డు అని తెలుగులోనే దొరికే జంట ఇది. పరుగుల సొగసు పోతుందన్న బాధ ఉన్నా, ఈ పాదానికే నా ఓటు.

మూడో పూరణ

మొదటి చిత్రానఁ జూపును మొనకు నొడ్డె
తుదకు నెత్తుటి వలిపానఁ దూర్చె సూది
నడుమ నర్ధశతాబ్దము నడిచె నిటులె
కన్ను కోసిన పిమ్మటె కలిగెఁ జూపు

పృచ్ఛకుడు: దీన్ని చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. 1977 నాటి బున్యుయెల్ చివరి చిత్రం ముగింపులో, పారిస్‌లో ఒక దుకాణం అద్దం వెనక ఒక స్త్రీ నెత్తురంటిన లేసుగుడ్డ చిరుగును సూదితో కుడుతుంది. తాను తీసిన చిట్టచివరి షాట్ అదేనని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. కోతతో మొదలై కుట్టుతో ముగిసిన కెమెరా అన్న ఊహ నాకు ఇంతవరకూ తట్టలేదు.

రెండు దిద్దుబాట్లు. మంగలికత్తికి ఉండేది వాదర (పదునైన అంచు), మొన కాదు. ‘మొదటి చిత్రాన వాదర మోపెఁ గనుల’ అంటే యతీ (పాదంలో అక్షరాల పొందిక) నిలుస్తుంది, వస్తువూ నిజమవుతుంది. ‘ఇటులె’ వట్టి పాదపూరణం. అక్కడ ‘వెలుఁగు’ పెట్టి చూడండి: నడుమ నర్ధశతాబ్దము నడిచె వెలుఁగు.

మూడో పూరణ కవి: రెండూ శిరోధార్యం. ‘మొన’ యతి కోసమే వాడాను, తప్పే. అర్ధశతాబ్దం అన్నది మాత్రం ఉంచుతాను, లెక్కకు నలభై ఎనిమిదేళ్లే అయినా.

పృచ్ఛకుడు: ఉంచండి. ఈ వారం పూలదండ మీకే.

వచ్చే వారానికి ‘విరిదియానా’. 1961లో కాన్‌లో అత్యున్నత బహుమతి పామ్ దోర్ గెలిచి, స్పెయిన్‌లో 1977 దాకా నిషేధంలో ఉన్న చిత్రం. కథానాయిక మగవాడి గదిలోకి వెళ్లి తలుపు వేసుకునే ముగింపును సెన్సార్ వద్దంది. బున్యుయెల్ ఆ ముగింపు మార్చి, ఆ ఇద్దరితో పాటు పనిమనిషిని కూడా కూర్చోబెట్టి ముగ్గురితో పేకాట ఆడించారు. అదే తేటగీతి, సమస్య ఇది:

తలుపు మూయఁగ వలదన్నఁ దప్పు పెరిగె