సూళ్లూరుపేటలో ఒక రోజు: పాత దస్తావేజు నకలు, పులికాట్, చేపలు. ఏది ముందు, ఏది వెనక? (ఇది నలుగురి మాటామంతీ, ముందున్నవి వాళ్లు పెట్టుకున్న పేర్లు.)

తిరుచానూరు రోడ్డు:
జనవరి మూడో వారంలో, పనిరోజు చూసుకుని, అమ్మతో కలిసి తిరుపతి నుంచి కారులో సూళ్లూరుపేట పోవాల. అసలు పని 1978లో రిజిస్టరైన ఇంటిస్థలం దస్తావేజు నకలు, దాని ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం). మిగిలిన పొద్దులో ఫ్లెమింగోలు, చెంగాళమ్మ గుడి, వీలైతే సముద్రం చూపించాల. వచ్చేటప్పుడు రెండు కిలోల చేప, కిలో రొయ్యలు తేవాల. అమ్మకు 64 ఏళ్లు, ఎక్కువ నడవలేదు. వరస చెప్పండి.

కాళంగి గట్టు:
ముందు సముద్రం సంగతి తేల్చుకోండి. సూళ్లూరుపేట నుంచి తూర్పుకు పోతే వచ్చేది పులికాట్ సరస్సు, సముద్రం కాదు. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా ఉన్న దీవే శ్రీహరికోట. అక్కడ షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దాటాలంటే అనుమతి కావాల. తూపిలిపాళెం బీచ్ వాకాడు వైపు ఉంది, దాన్ని కూడా ఈ రోజులోనే ఇరికిస్తే అమ్మకు అలసట తప్ప ఏమీ మిగలదు. సముద్రాన్ని ఇంకో రోజుకు పెట్టుకోండి.

పొద్దున ఐదున్నరకు శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా బయల్దేరితే ఎనిమిదికల్లా ఊళ్లో ఉంటారు. నేరుగా శ్రీహరికోట రోడ్డెక్కి అటకానితిప్ప వైపు పోండి. రోడ్డు సరస్సు మధ్యలోనే పోతుంది గనక అమ్మ కారు దిగకుండానే చూడొచ్చు. జనవరిలో సూర్యుడు దక్షిణం వాలుగా పోతాడు. అందుకని రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీదే వెలుగు పడుతుంది, దక్షిణం వైపువి నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. ఫోటోలు తీసేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫ్లెమింగో తల కిందికి వంచి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టి తింటుంది, దానికి లోతు తక్కువ ఉండాల. ఈశాన్య రుతుపవనాల్లో వానలు గట్టిగా పడిన ఏడాది రోడ్డు పక్కన నీళ్లు లోతుగా ఉండి గుంపులు దూరంగా నిలబడతాయి. బైనాక్యులర్ ఉంటే తీసుకుపోండి. గట్టు దిగి బురదలో మాత్రం నడవొద్దు. పైన పొర ఎండినట్టే ఉంటుంది, కాలు పెడితే మోకాలిదాకా దిగబడుతుంది.

పదికి వెనక్కి తిరిగితే ఆఫీసు టైముకు సరిపోతుంది.

పాత పత్రాలు:
రిజిస్ట్రార్ ఆఫీసు సంగతి నేను చెప్తాను. ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. మీది 1978 గనక పాత పుస్తకాలు తిరగేయాల్సిందే. అందుకే అప్లికేషన్ పదిన్నరకే పడాల. మధ్యాహ్నం ఇస్తే వెతుకులాట మరుసటి రోజుకు పోతుంది. ఒక్కరోజులో నకలు చేతికొస్తుందని లెక్క వేసుకోవద్దు, రసీదు తీసుకుని, ఎప్పుడు రావాలో రాయించుకోండి.

ఇంట్లో దస్తావేజు జిరాక్స్ ఉంటే వెనకవైపు చూడండి. ఒకటో పుస్తకం, సంపుటి, పుటలు, నంబరు, సంవత్సరం అని ముద్ర ఉంటుంది. ఆ ఒక్క ముక్క ఉంటే పని సగం అయినట్టే. లేకపోతే అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల పేర్లతో ఇండెక్సులో వెతకాల. తండ్రి పేరు, ఇంటిపేరు అప్పటి దస్తావేజులో ఎట్లా రాశారో అట్లాగే ఇవ్వండి. వెతికే ఏళ్లు పెరిగేకొద్దీ ఫీజు కూడా పెరుగుతుంది. 1975 నుంచి 1980 అని గాలిలో రాయకుండా, పన్ను రసీదులు చూసి ఏడాది బిగించుకోండి.

సర్వే నంబరు విషయంలో జాగ్రత్త. తర్వాత సబ్ డివిజన్ అయి ఉంటే ఇప్పటి నంబరుతో పాత పుస్తకంలో ఏమీ దొరకదు. పాత నంబరు, నాలుగు హద్దులు రెండూ రాయండి. పత్రంలో నెల్లూరు జిల్లా అని ఉంటే కంగారొద్దు, తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. పాత పత్రంలో ఉన్నట్టే రాయడం మేలు. స్థలం దస్తావేజు నకలు ఫీజు కట్టి ఎవరైనా అడగొచ్చు, అమ్మ పేరునే ఉండాలని లేదు.

ఐసు పెట్టె:
చేపలు ఆఫీసుకు ముందు కొనొద్దు. అప్లికేషన్ ఇచ్చాక కొనండి. మూత గట్టిగా పట్టే థర్మోకోల్ పెట్టె ఇంటి నుంచే తెచ్చుకోండి. లెక్క సులువు: చేప ఎంత బరువో పగలగొట్టిన ఐసు అంత. మీ మూడు కిలోలకు మూడు కిలోలు. అడుగున ఐసు, ఒక వరస చేప, మళ్లీ ఐసు. పేగులు తీయించి, కడిగించి పెట్టండి. అడుగున చిన్న బెజ్జం, కింద ఒక ట్రే ఉండాల. కరిగిన నీళ్లలో చేప నానితే కండ మెత్తబడుతుంది.

రొయ్యల తలకాయలు అక్కడే తీయించండి. నల్లమచ్చలు తలలోని రసాయనాల వల్లే మొదలవుతాయి. చేపకు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాల. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఎండు నెత్తళ్లు కొంటే ముక్కలు విరిచి చూడండి, వంగితే తడి ఉన్నట్టు, వారంలో బూజు పడుతుంది. వేసవిలో పోయేవాళ్లకు ఒక మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం, పెద్ద సముద్రపు చేప తక్కువ.

తిరుచానూరు రోడ్డు:
చాలా మేలు చేశారు. అయితే గుడి ఎప్పుడు? నేలపట్టు పక్షుల కేంద్రం దారిలోనే కదా, పోయేటప్పుడే చూసేస్తే?

కాళంగి గట్టు:
చెంగాళమ్మ గుడికి తలుపులు వేయరు, కాబట్టి టైము గురించి తొందర లేదు. చేపలు కొన్నాక, భోంచేసి పోండి. నేలపట్టు మాత్రం వచ్చేటప్పుడే చూడండి. అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) మేతకు పులికాట్‌కే పోతాయి. నాలుగు దాటితే గుంపులుగా గూళ్లకు తిరిగొస్తాయి. అయిదున్నరకు అక్కడ బయల్దేరి, నాయుడుపేటలో పెట్టె తెరిచి ఇంకో కిలో ఐసు వేసుకోండి.