ఫినైల్ అలనైన్ నుంచి మూడు పీకులు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, తార్నాక)

నమస్కారం. ప్రాజెక్టులో భాగంగా 1 మిల్లీమోలార్ ఫినైల్ అలనైన్ (ఒక అమైనో ఆమ్లం) ద్రావణానికి ఇనుము-ఈడీటీఏ, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, ఫెంటన్ చర్యలో (ఇనుము పెరాక్సైడ్‌ను విడగొట్టే చర్య) పుట్టే హైడ్రాక్సిల్ రాడికళ్లు (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న, చాలా చురుకైన ఓహెచ్‌లు) దాన్ని ఏం చేస్తాయో పరిశీలిస్తున్నాను. కాలేయంలో ఫినైల్ అలనైన్ టైరోసిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారుతుందని చదువుకున్నాం కనుక హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి, ఒక్కోదాన్ని గ్రాఫుపై ఒక శిఖరంగా, అంటే పీకుగా, చూపే పద్ధతి) ఒక్క పీకే వస్తుందనుకున్నాను. కానీ మూడు వస్తున్నాయి, వాటిలో ఒకటే ప్రామాణిక టైరోసిన్‌తో సరిపోలుతోంది. ఇదే చర్య టైరోసిన్‌తో చేస్తే, 320 నానోమీటర్ల కాంతి పడినప్పుడు 410 దగ్గర నీలి ప్రతిదీప్తి కనిపిస్తోంది. రాడికల్ ఒకటే అయినా ఇంత తేడా ఎందుకో వివరించగలరు. బఫరు (ద్రావణం ఆమ్లత మారకుండా చూసేది) 50 మిల్లీమోలార్ ట్రిస్.

జవాబు (రేడియేషన్ రసాయన పరిశోధకుడు, హబ్సిగూడ)

మీకు వచ్చినవి ఆర్థో, మెటా, పారా టైరోసిన్లు, అంటే బెంజీన్ వలయంపై మూడు వేర్వేరు స్థానాల్లో ఓహెచ్ చేరిన రూపాలు. వాటిలో పారా రూపమే మామూలు టైరోసిన్. హైడ్రాక్సిల్ రాడికల్ బెంజీన్ వలయం నుంచి హైడ్రోజన్‌ను లాక్కోదు. ఆ బంధం చాలా గట్టిది. అది నేరుగా వలయానికే అతుక్కుంటుంది, ఏ కార్బన్‌కు అతుక్కోవాలన్న పట్టింపు కూడా దానికి పెద్దగా ఉండదు. ఆ తర్వాత ఆక్సిజన్ గానీ ఫెర్రిక్ అయాను గానీ మిగిలిన హైడ్రోజన్‌ను తీసేస్తే వలయం మళ్లీ సుస్థిరమవుతుంది. కాలేయంలోని ఫినైల్ అలనైన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ మాత్రం పారా స్థానంలోనే ఆక్సిజన్‌ను చేరుస్తుంది కనుక, ప్రోటీన్‌లో ఆర్థో, మెటా రూపాలు కనిపిస్తే అవి రాడికళ్ల పనేనని అనుమానించవచ్చు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

టైరోసిన్‌లో వలయంపై ముందే ఒక ఓహెచ్ ఉంది. అందువల్ల రాడికల్ అతుక్కున్నాక ఒక నీటి అణువు విడిపోయి, టైరోసిల్ రాడికల్ మిగులుతుంది. అలాంటివి రెండు కలిస్తే డైటైరోసిన్. మీ నీలి ప్రతిదీప్తి దానిదే. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అయితే దానిలోని ఇండోల్ వలయమే తెరుచుకుని ఎన్-ఫార్మైల్ కైనురెనిన్ వంటివి వస్తాయి.

ప్రశ్నించినవారు

కృతజ్ఞతలండీ. నా గొట్టాలన్నీ గాలి తగిలేలా ఉన్నాయి. ఆక్సిజన్ వల్ల డైటైరోసిన్ తగ్గుతుందా?

జవాబు (అధ్యాపకురాలు, గచ్చిబౌలి)

తగ్గవచ్చునమ్మా, కానీ ఆక్సిజన్ టైరోసిల్ రాడికల్‌ను పట్టుకోవడం వల్ల కాదు. ఆ రెంటి మధ్య చర్య చాలా నెమ్మది. నీరు విడిపోకముందే, అంటే హైడ్రాక్సిల్ అతుక్కుని ఉన్న దశలోనే, ఆక్సిజన్ వచ్చి చేరితే డోపా (వలయంపై రెండు ఓహెచ్‌లున్న రూపం) ఏర్పడుతుంది. ఆ మేరకు టైరోసిల్ తక్కువ పుడుతుంది. కాబట్టి డైటైరోసిన్‌తో పాటు డోపాను కూడా కొలవండి.

అయితే అంతకంటే ముందు మీ బఫరు మార్చాలి. హైడ్రాక్సిల్‌తో ఫినైల్ అలనైన్ వేగ స్థిరాంకం (చర్య ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే సంఖ్య) మోలార్, సెకను ప్రమాణాల్లో సుమారు 650 కోట్లు, ట్రిస్‌ది సుమారు 150 కోట్లు. విడిగా చూస్తే ట్రిస్ మందకొడిదే, కానీ మీ గొట్టంలో అది 50 రెట్లు ఎక్కువ ఉంది. లెక్క వేస్తే ఆ రెంటి మధ్య పోటీలో పదింట తొమ్మిది వంతుల రాడికళ్లు దానికే పోతున్నాయి. ఫాస్ఫేట్ వాడండి. గ్లిసరాల్, ఇథనాల్ కూడా రాడికళ్లను మింగేస్తాయి కనుక ఏ స్టాక్ ద్రావణంలోనూ ఉండనివ్వకండి. అనుకున్న సమయానికి కెటలేజ్ (పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైమ్) వేసి మిగిలిన పెరాక్సైడ్‌ను తొలగించండి, లేకపోతే ఆటోశాంప్లర్‌లో (నమూనాలను ఒక్కొక్కటిగా హెచ్‌పీఎల్‌సీకి పంపే పరికరం) వంతు కోసం ఎదురుచూస్తున్న నమూనాల్లో చర్య సాగుతూనే ఉంటుంది, చివరి నమూనాలో పీకులు మొదటిదానికంటే పెద్దవిగా కనిపిస్తాయి.